కుళాయి కింది పులిచింత

పులిచింతల అనగానే జగ్గయ్యపేట, నందిగామ మెట్టవాళ్ళకు ముందు ప్రాజెక్టే గుర్తొస్తుంది. ముక్త్యాలకు పైన కృష్ణకు అడ్డంగా కట్టి, ఇంజనీరు కె.ఎల్. రావు పేరు పెట్టిన జలాశయం అది. నిండితే 45.77 టీఎంసీలు. ఈ వ్యాసం ఆ నీళ్ళ గురించి కాదు. దోసెడు నీళ్ళు కారితే చాలు, ఆ తడిలోనే మొలిచి, పూసి, కాసి, గింజలు విసిరి మళ్ళీ మొలిచే పులిచింత అనే మొక్క గురించి.

2022లో జిల్లాలు విడగొట్టాక జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి. అయినా ‘కృష్ణా జిల్లా మెట్ట’ అనే మాట ఇంకా జనం నోట్లోనే ఉంది. కృష్ణా జిల్లా అంటే దివిసీమ, గుడివాడల వరిచేలు తలుచుకునేవాళ్ళకు ఇది వేరే దేశం. ఇక్కడ పత్తి, మిర్చి, కంది, సుబాబుల్ తోటలు, వాటి అడుగున పలకలు పలకలుగా సున్నపురాయి. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మార్చి దాటిందంటే నల్లరేగడి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. లోతుకు పోని వేళ్ళతో, తొక్కితే నలిగిపోయే కాడలతో ఒక చిన్న మొక్క ఇలాంటి నేల మీద ఎండాకాలాన్ని ఎలా గట్టెక్కుతుంది?

చేలో అయితే గట్టెక్కదు. మే నెలలో పత్తి మోళ్ళ మధ్య వెతికితే పులిచింత ఆకు ఒక్కటి దొరకడం కష్టం. అదే రోజు వీధి కుళాయి గట్టు చుట్టూ చూడండి. బోరు పంపు చప్టా అంచున, గేదెల కుడితి తొట్టి పక్కన, అంట్లు తోమే చోట, కూలరు నీళ్ళు బొట్టుబొట్టుగా కారే గోడ మొదట్లో చూడండి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి వెళ్తే కాళ్ళు కడుక్కునే చోటు నాపరాళ్ళ సందుల్లో చూడండి. వేసవిలో అది మనుషులు పారబోసిన నీళ్ళ వెంట ఉంటుంది. తొలకరి పడగానే చేలోకి, గట్ల మీదికి, మిర్చి నారుమళ్ళలోకి వెళ్తుంది. వానలు వెనకపట్టగానే మళ్ళీ కుళాయి దగ్గరికి చేరుతుంది. ఊళ్ళో ఎక్కడ పైపు కారుతుందో పంచాయతీవాళ్ళ కన్నా ముందు దానికి తెలుసు అనిపిస్తుంది నాకు.

శాస్త్రనామం ఆక్సాలిస్ కార్నిక్యులేటా. 1753లో లిన్నేయస్ తన మొక్కల గ్రంథంలో పెట్టిన పేరే ఇప్పటికీ నిలిచింది. ఆక్సాలిస్ ప్రజాతిలో 500కు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం దక్షిణ అమెరికాలో, దక్షిణాఫ్రికాలో ఉంటాయి. కొన్నిటికి నేలలో దుంపలు ఊరతాయి. ఆండీస్ కొండల మీది రైతులు ‘ఓకా’ అని పండించే దుంప వీటిలోదే. తవ్వాక కొన్నాళ్ళు ఎండలో పెడితే పులుపు తగ్గి తీపెక్కుతుంది. పెరూ, బొలీవియా కొండ ఊళ్ళలో బంగాళాదుంప తర్వాత చెప్పుకునే దుంపల్లో అదొకటి. మన పులిచింతకు దుంప లేదు. ఒక సన్నని తల్లివేరు, నేల మీద పాకే కాడలు, కాడ నేలను తాకిన ప్రతి కణుపు దగ్గరా మళ్ళీ కొత్త వేళ్ళు, అంతే. నందిగామ వైపు మిర్చి నారుమడిలో కలుపు తీసే ఒకామె అన్న మాట దీనికి సరైన వర్ణన: “పీకితే పోదయ్యా ఇది. ఓ కణుపు మిగిలిందంటే మళ్ళీ లేస్తది.”

ఆకు గుర్తుపట్టడం తేలిక. ఒక తొడిమ చివర మూడు చిట్టి ఆకులుంటాయి. ఒక్కోటి హృదయాకారంలో ఉండి, మొన తొడిమ వైపు, నొక్కు బయటి వైపు ఉంటుంది. ఆ నొక్కే ముఖ్యం. పశుగ్రాసంగా వేసే క్లోవరుకూ మూడాకులే గానీ దాని ఆకు చివర ఇంత లోతుగా చీలదు. వరిమడిలో, చెరువు అంచున కనిపించే మార్సిలియాకు నాలుగాకులు. పైగా అది ఫెర్న్, పువ్వు పూయదు. పులిచింత పువ్వు పసుపు రంగులో, చిటికెన వేలి గోరంత ఉంటుంది. రేకులు అయిదు, రక్షక పత్రాలు అయిదు, కేసరాలు పది. ఆ పదిలో అయిదు పొడుగు, అయిదు పొట్టి, అడుగున అన్నీ కలిసి చిన్న గొట్టంలా ఉంటాయి. మధ్యలో కీలాలు మళ్ళీ అయిదు. కాయకు అయిదు పలకలు. ఈ అయిదు లెక్క కుటుంబం మొత్తానిదీ. సూపర్ బజార్లలో ఈమధ్య కనిపిస్తున్న స్టార్ ఫ్రూట్‌ను అడ్డంగా కోస్తే నక్షత్రం ఎందుకొస్తుందంటే అదీ ఆక్సాలిడేసీ కుటుంబమే. దాని ప్రజాతికి అవెర్‌హోవా అని కార్డోవా తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ పేరు పెట్టారు. చెట్టుకు చెట్టు, గడ్డికి గడ్డి. కానీ పులుపు ఒకటే, అయిదు పలకలూ ఒకటే.

ఇక రాత్రి సంగతి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మూడు ఆకులూ నడిమి ఈనె దగ్గర మడుచుకుని కిందికి వాలిపోతాయి. ఒక్కో చిట్టి ఆకు మొదట్లో కంటికి ఆనని చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని పల్వైనస్ అంటారు. అందులో ఒక వైపు కణాల నుంచి పొటాషియం, క్లోరైడ్ అయాన్లు బయటికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. బిగువు తగ్గిన ఆ వైపుకు ఆకు వంగుతుంది. తెల్లవారితే అయాన్లు, నీరు తిరిగొస్తాయి, ఆకు లేస్తుంది. కండరం లేదు, నరం లేదు, ఉన్నదల్లా నీటి పోటు. అత్తిపత్తిలో క్షణాల్లో జరిగేదీ ఇదే పద్ధతి. ఇక్కడ నెమ్మదిగా, గడియారం పెట్టుకున్నట్టు జరుగుతుంది.

చార్లెస్ డార్విన్ ముసలితనంలో తన కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి ఈ నిద్ర మీద చాలా రాత్రులు గడిపాడు. 1880లో వచ్చిన ఆయన మొక్కల కదలికల పుస్తకంలో ఆక్సాలిస్ జాతులు మాటిమాటికీ వస్తాయి. ఆకులు మడుచుకోకుండా కొన్నిటిని బెండు ముక్కల మీద గుండుసూదులతో పరిచి బిగించి, చలిరాత్రి ఆరుబయట వదిలిపెట్టాడు. పరిచి ఉన్న ఆకులు ఎక్కువగా దెబ్బతిన్నాయి, మడుచుకున్నవి తట్టుకున్నాయి. మబ్బులేని రాత్రి ఆకాశం వైపు తెరిచి ఉన్న ఆకు వేడిని పోగొట్టుకుంటుందనీ, ఆ నష్టం తప్పించుకోవడానికే ఈ నిద్ర అనీ ఆయన తేల్చాడు. ఇంగ్లండు మంచుకు సరే. జగ్గయ్యపేట ఏప్రిల్ రాత్రికి ఆ కారణం అంత అతకదు. ఇక్కడ ఈ పల్వైనస్ పని మధ్యాహ్నం కనిపిస్తుంది.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు అదే కుళాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళి చూడండి. నీడలో ఉన్న ఆకులు పరుచుకునే ఉంటాయి. ఎండలో ఉన్నవి సాయంత్రం లాగే వాలి ఉంటాయి. నీళ్ళు లేక వడలిపోయాయేమో అనుకుంటాం. కాడ పట్టుకుని చూస్తే బిగువుగానే ఉంటుంది. ఆకు వాడగలిగినదానికి మించి వెలుగు పడితే పత్రహరితం దగ్గరి యంత్రాంగం దెబ్బతింటుంది, పైగా వేడెక్కిన ఆకు నీటిని త్వరగా ఆవిరి చేస్తుంది. ఆకు నిలువుగా వాలితే ఎండ ఏటవాలుగా తగిలి భారం తగ్గుతుంది. అమెరికా పడమటి తీరపు రెడ్‌వుడ్ అడవుల్లో, దట్టమైన నీడలో పెరిగే ఆక్సాలిస్ ఒరెగానా మీద 1981లో బ్యోర్క్‌మన్, పౌల్స్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతిని కొలిచారు. కొమ్మల సందు నుంచి ఎండ మచ్చ పడ్డ కొద్ది నిమిషాల్లోనే ఆ ఆకులు పూర్తిగా మడుచుకున్నాయి. ఎండ జరిగిపోగానే మెల్లగా విప్పుకున్నాయి. అడవి నీడలో మచ్చెండ కోసం ఉన్న ఉపాయం ఇక్కడ సిమెంటు చప్టా మీద నిప్పులెండకు పనికొస్తోంది.

నన్ను అడిగితే ఈ మొక్కలో అసలు వింత ఆకు కాదు, కాయ. పువ్వు వాడాక కాయ తొడిమ కిందికి వంగుతుంది, కాయ మాత్రం నిటారుగా పైకి లేస్తుంది. పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు, మీద సన్నని నూగు. బాగా ముదిరి, ఇంకా పచ్చగానే ఉన్న కాయను వేలితో అలా తాకండి. చిటుక్కుమంటుంది. అరచేతి మీద, ముఖం మీద ఏవో గుచ్చుకున్నట్టు తగులుతాయి. చుట్టూ చూస్తే ఇటుక రంగు గింజలు, మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవువి. భూతద్దం పెడితే అడ్డంగా గాట్లు గాట్లుగా ఉంటాయి. కాయ మాత్రం పగిలి రెండు చెక్కలుగా పడదు. ఎక్కడిదక్కడే ఉంటుంది. పలకల మధ్య సన్నని చీలికలు మాత్రం తెరుచుకుని ఉంటాయి.

గింజను విసిరింది కాయ కాదు, గింజ చుట్టూ ఉన్న తెల్లటి మెత్తని తొడుగు. దాని లోపలి పొర కణాలు నీరు పట్టి ఉబ్బుతుంటాయి, బయటి పొర ఆ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఒక దశలో బయటి పొర చిరుగుతుంది. ఆ క్షణంలో తొడుగు లోపలిది బయటికి తిరగబడి గింజను చీలికలోంచి నెట్టేస్తుంది. నానిన చింతగింజను రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కితే ఎలా జారి ఎగురుతుందో చిన్నప్పుడు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక గింజ కదిలితే ఆ కుదుపుకు పక్కదాని తొడుగూ చిరుగుతుంది. అందుకే కాయ మొత్తం ఒక్కసారి పేలినట్టుంటుంది. గింజలు మీటరు, రెండు మీటర్ల దూరం పోతాయి. తొడుగులోని జిగట కొంత గింజకు అంటుకునే ఉంటుంది గనక చెప్పుకు, గేదె డెక్కకు, కుక్క బొచ్చుకు, మోటారు సైకిల్ టైరుకు పట్టుకుంటుంది. కుళాయి నుంచి కుళాయికి వెళ్ళే దారి అదే.

మట్టిలోతున పడ్డ గింజ తొందరపడదు. మొలవడానికి దానికి వెలుగు కావాలి. ఎవరో పార పెట్టి తవ్వినప్పుడో, కుండీ మట్టి మార్చినప్పుడో పైకి తేలి, తడి తగిలితే మొలుస్తుంది. తోటల శాఖవాళ్ళూ, నర్సరీవాళ్ళూ దీన్ని ప్రపంచమంతటా తిట్టుకోవడానికి కారణం ఇదే. రోజూ నీళ్ళు పోసే, తరచు మట్టి కదిపే కుండీ దీనికి స్వర్గం. కడియం నర్సరీల నుంచి గులాబీయో మందారమో కొని తెచ్చుకున్నవాళ్ళు కుండీ అంచున పసుపు పువ్వు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అది ఉచితంగా వచ్చింది. పీకాలనుకుంటే కాయ పట్టకముందే పీకాలి. కాయ పట్టాక పీకడం అంటే మన చేత్తో మనమే చల్లినట్టు.

గింజ ఒక్కటే ఎక్కడో పడితే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. ఆక్సాలిస్ జాతుల్లో చాలావాటికి మూడు రకాల పువ్వులుంటాయి. కీలం పొడుగున్నవి కొన్ని, మధ్యస్థంగా ఉన్నవి కొన్ని, పొట్టివి కొన్ని. ఒక రకం మొక్కకు అదే రకం పుప్పొడి సరిగ్గా పనిచేయదు, వేరే రకం కావాలి. ఈ ఏర్పాటును విప్పి చెప్పినవాళ్ళలో మళ్ళీ డార్వినే. 1877 నాటి పుస్తకంలో లెక్కలతో సహా రాశాడు. పరాయి పరాగం దొరకాలంటే పక్కన ఇంకో మొక్క ఉండాలి. కుళాయి కింద ఒంటరిగా మొలిచిన మొక్కకు ఆ సౌకర్యం ఎక్కడిది? కార్నిక్యులేటా ఆ పట్టింపు చాలావరకు వదిలేసింది. కేసరాలు, కీలాలు దాదాపు ఒకే ఎత్తులో ఉండి, తన పుప్పొడితోనే తాను కాయ పట్టగలదు. చిన్న తేనెటీగ వస్తే సరే, రాకపోయినా సరే. ఒక్క గింజతో ఒక ఊరు కట్టగల మొక్కలే లోకమంతా కలుపుగా పాకుతాయి.

ఇంతకీ అది ఎక్కడి నుంచి పాకింది? ఈ తగాదా ఇంకా తెగలేదు. పెద్ద వృక్షజాబితాలు కొన్ని దీని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న అమెరికా నేల అని రాస్తాయి. అదే నిజమైతే కొలంబస్ తర్వాతే మన దేశానికి రావాలి. కానీ చరక సంహితలో అతిసార చికిత్సకు చెప్పిన చాంగేరీ ఘృతం ఉంది. ఆ చాంగేరి ఈ మొక్కేనని ఆయుర్వేదం చదివినవాళ్ళంతా అంటారు. ఎర్ర మిరపకాయ పోర్చుగీసుల ఓడల్లో వచ్చిందంటే ఒప్పుకుంటాం. మూడు పూటలా దాన్ని తినే జగ్గయ్యపేట మిర్చి రైతుకూ అందులో నామోషీ లేదు. పులిచింత విషయంలో మాత్రం పాత గ్రంథం అడ్డం వస్తోంది. 2019లో యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు కొందరు పాత పుస్తకాల బొమ్మలు, హెర్బేరియం నమూనాలు, పురావస్తు తవ్వకాల్లో దొరికిన గింజల వివరాలు ఒకచోట పోగుచేసి, అమెరికా కన్నా ఆగ్నేయాసియా వైపే మొగ్గు చూపారు. నాకు ఆ వాదనే సబబుగా తోస్తుంది. మనుషులు వ్యవసాయం, నాట్లు మోసుకుంటూ వెళ్ళిన ప్రతి చోటికీ వెంట వెళ్ళిన మొక్క, వాళ్ళ ఊళ్ళ దగ్గరే మొదలై ఉండటం సహజం.

పులుపు దగ్గరికి వద్దాం. ఈ మెట్టలో పుట్టినవాళ్ళెవరూ పులిచింతాకు నమలకుండా పెద్దవాళ్ళు కాలేదు. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది, నిమ్మకాయది సిట్రిక్ ఆమ్లానిది, పులిచింతది ఆక్సాలిక్ ఆమ్లానిది. ఆ ఆమ్లానికి పేరు ఈ మొక్కల నుంచే వచ్చింది. డచ్చి వైద్యుడు బూర్‌హావే వీటి యూరప్ బంధువు రసం నుంచి ఒక లవణం తీశాడు. 1776లో స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు షీలే పంచదారను నత్రికామ్లంతో కలిపి ఒక ఆమ్లం చేశాడు. ఆ రెండిటిలో ఉన్నదీ ఒకటేనని 1784లో ఆయనే చూపించాడు. 1824లో వోలర్ అనే జర్మన్ దాన్ని జీవపదార్థం అనేదే లేకుండా సయనోజన్ నుంచి తయారుచేశాడు. ప్రయోగశాలలో యూరియా చేసి జీవశక్తి సిద్ధాంతాన్ని కూలదోశాడని పాఠాల్లో చదివే వోలర్ ఈయనే. యూరియా 1828 నాటిది. పులిచింత పులుపు అంతకు నాలుగేళ్ళు ముందు.

పాతకాలంలో రాగి చెంబు, ఇత్తడి బిందె నల్లబడితే పులిచింతాకు నలిపి రుద్దేవాళ్ళు. ఆక్సాలిక్ ఆమ్లం లోహపు తుప్పుతో కలిసి దాన్ని నీళ్ళలో కరిగే పదార్థంగా మారుస్తుంది. బట్ట మీది తుప్పు మరక పోగొట్టే పొడుల్లో వాడేదీ అదే ఆమ్లం. కాల్షియం తగిలితే మాత్రం కథ తిరగబడుతుంది. కాల్షియం ఆక్సలేట్ నీళ్ళలో కరగదు, గట్టిగా కూర్చుంటుంది.

సున్నపురాతి నేల మీద ఉన్నవాళ్ళకు ఈ ఒక్క ముక్క తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. జగ్గయ్యపేట ధనబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడి చక్రవర్తి శిల్పఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అది ఈ ప్రాంతపు సున్నపురాయే. ఇవాళ సిమెంటు ఫ్యాక్టరీలు నమిలే రాయికి అది బంధువు. ఇలాంటి రాళ్ళను వాన, పొగ మెల్లగా తినేస్తాయి. ఇటలీ పాత కట్టడాల పాలరాతి మీద కొన్నిచోట్ల కాల్షియం ఆక్సలేట్ పొర ఏర్పడి రాయిని కాపాడిందని గమనించిన సంరక్షకులు, ఇప్పుడు అమోనియం ఆక్సలేట్ పూసి కావాలనే ఆ పొరను తయారుచేస్తున్నారు. రాతి పైపొరలోని కాల్షియమే ఆక్సలేట్‌గా మారి గట్టిపడుతుంది. అలాగని ధనబోడు మీది రాళ్ళకు ఎవరూ పులిచింతాకు రుద్దకూడదు సుమా! పులుపు నేరుగా తగిలితే ముందు నునుపు చెడుతుంది.

రెండో సంగతి మూత్రపిండాలది. కిడ్నీల్లో రాళ్ళు అన్నవాటిలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళే. పులిచింతలోని ఆక్సలేట్ రక్తంలోకి చేరి, మూత్రంలో కాల్షియంతో కలిస్తే అక్కడ గడ్డకడుతుంది. అదే కడుపులోనే కాల్షియంతో కలిసిపోతే కరగకుండా బయటికి పోతుంది, ఒంటికి పట్టదు. అందుకే పులిచింతాకును పప్పులో ఉడికించి, మజ్జిగన్నంతో పాటు తినే పద్ధతికి అర్థం ఉంది. ఉడికించిన నీళ్ళు పారబోస్తే కరిగే ఆక్సలేట్ కొంత దాంతో పోతుంది. నాలుగాకులు నమిలిన పిల్లవాడికి ఏమీ కాదు. రాళ్ళ బాధ ఉన్నవాళ్ళు, మూత్రపిండాలు సరిగ్గా పనిచేయనివాళ్ళు మాత్రం దీని జోలికి పోకూడదు. మంచిదని చెప్పి పొద్దున్నే పరగడుపున గ్లాసెడు పులిచింత రసం తాగమనే వీడియోలను నేనైతే నమ్మను. ఆస్ట్రేలియాలో దీని దక్షిణాఫ్రికా బంధువు ఒకటి మేతబీళ్ళలో విపరీతంగా పాకి, దాన్నే ఎక్కువగా మేసిన గొర్రెలు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. స్టార్ ఫ్రూట్ అయితే ఇంకా జాగ్రత్త. దానిలో ఆక్సలేట్‌తో పాటు మెదడు మీద పనిచేసే కారంబాక్సిన్ అనే విషపదార్థం కూడా ఉందని 2013లో తేలింది. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకు ఒక్క పండు కూడా ముప్పే.

ఇంత పులుపును ఎవరు తింటారు? ఒక పురుగు తింటుంది. పులిచింత గుంపు మీద తక్కువ ఎత్తులో, నేలకు రాసుకుంటూ ఎగిరే చిన్న నీలిరంగు సీతాకోకచిలుకను చూసే ఉంటారు. రెక్కలు విప్పితే రూపాయి బిళ్ళంత. లేత నీలి గడ్డి చిలుక అనవచ్చు దాన్ని. దాని గొంగళిపురుగు ఎక్కువగా తినేది పులిచింతే. 2011 మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగినప్పుడు ఈ బంధం హఠాత్తుగా ప్రపంచం కంటపడింది. ర్యూక్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రమాదం జరిగిన ప్రాంతంలోని పులిచింతాకులు తెచ్చి దూరపు ఒకినావా దీవిలో పెంచిన గొంగళ్ళకు మేపారు. చిలుకల రెక్కల్లో, కాళ్ళలో వైకల్యాలు కనబడ్డాయని 2012 ఆగస్టులో ప్రకటించారు. వాళ్ళు లెక్కించిన పద్ధతి మీద తర్వాత వాదాలు నడిచాయి. అంత పెద్ద ప్రమాదాన్ని కొలవడానికి పనికొచ్చిన కొలబద్ద మాత్రం కుళాయి కింది మొక్క, దాన్ని తినే రూపాయంత చిలుక.

ఒక శిలీంధ్రానికీ పులిచింత కావాలి. మొక్కజొన్న ఆకుల మీద ఇటుక రంగు పొక్కులు వచ్చే తుప్పు తెగులు కారకం పక్సీనియా సోర్ఘై. దాని జీవితంలో ఒక భాగం మొక్కజొన్న మీద, ఇంకో భాగం ఆక్సాలిస్ మీద గడుస్తుంది. 1904 ప్రాంతంలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ ఈ సంబంధం కనిపెట్టాడు. పులిచింతాకు అడుగున నారింజ రంగు చిన్న గిన్నెల లాంటివి కనబడితే అవి ఆ శిలీంధ్రానివే. వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేసే రైతు ఇది విని గట్ల మీది పులిచింత అంతా తగలబెట్టాలనుకోవచ్చు. అక్కర్లేదు. మన వెచ్చని వాతావరణంలో ఆ తుప్పు బీజాలు మొక్కజొన్న నుంచి మొక్కజొన్నకే గాలిలో పోతూ ఏడాదంతా బతుకుతాయి. ఇక్కడ దానికి పులిచింత ఒక మజిలీ మాత్రమే, అది లేకపోయినా ప్రయాణం ఆగదు.

చివరగా రంగు. ఒకే ఊళ్ళో పులిచింత కొన్నిచోట్ల ఆకుపచ్చగా, కొన్నిచోట్ల ముదురు ఎరుపు, ఊదా కలిసిన రంగులో కనబడుతుంది. ఆ ఎరుపు ఆంథోసయనిన్లది. వంకాయ తొక్కుకు రంగిచ్చేవి కూడా అవే. జపాన్ పరిశోధకుడు ఫుకానో, ఆయన తోటివాళ్ళు టోక్యోలో ఈ రెండు రంగుల్ని లెక్కపెట్టి 2023లో ఒక పత్రం ప్రచురించారు. పొలాల్లో, పచ్చిక బయళ్ళలో ఆకుపచ్చవి ఎక్కువ. కాంక్రీటు, తారు రోడ్ల పక్కన ఎర్రవి ఎక్కువ. రెండిటినీ వేర్వేరు వేడిమిలో పెంచి చూస్తే ఎక్కువ వేడిలో ఎర్రవి బాగా పెరిగాయి, తక్కువ వేడిలో ఆకుపచ్చవి ముందున్నాయి. జన్యువుల్ని పోల్చితే ఎర్ర రకం ఒక్కచోట పుట్టి పాకింది కాదనీ, వేర్వేరుగా పలుమార్లు పుట్టిందనీ తేలింది. నగరపు వేడి ఒక కలుపుమొక్క రంగును మన కళ్ళముందే ఎంపిక చేస్తోందన్నమాట.

టోక్యో వేసవి కన్నా జగ్గయ్యపేట వేసవి ఎక్కువే మండుతుంది. విజయవాడ, హైదరాబాద్ హైవే జగ్గయ్యపేట, నందిగామ రెండింటినీ తాకుతూ పోతుంది. కాబట్టి హైస్కూలు పిల్లలు చేయగల పని ఒకటుంది. హైవే పక్కన కాంక్రీటు గట్ల మీద, బస్టాండు గోడల మొదట్లో, అలాగే మునేరు ఒడ్డు పొలాల గట్ల మీద, ఒకే వారంలో, ఒక్కోచోట ఒక గజం చదరం గీసుకుని ఎర్రవెన్ని, ఆకుపచ్చవెన్ని అని లెక్కపెట్టడం. అక్టోబరు, నవంబరు నెలలు మంచివి, అప్పటికి రెండు చోట్లా మొక్క ఉంటుంది. చాలా మొక్కలు ఎక్కువ ఎండ తగిలితే ఎరుపెక్కుతాయి గనక లెక్కతో సరిపోదు. రెండు రంగుల మొక్కల నుంచీ ముదిరిన కాయలు కాగితపు సంచిలో చిట్లనిచ్చి, గింజలు విడివిడిగా పెట్టుకోవాలి. ఒకే మట్టి నింపిన రెండు కుండీల్లో పైపైనే చల్లి, ఒకే ఎండలో పక్కపక్కన పెట్టి, ఒకే కొలతతో నీళ్ళు పోయాలి. మొలిచినవన్నీ ఒకే రంగుకు వస్తే తల్లి మొక్కల తేడా చోటు వల్ల వచ్చింది. ఎర్రదాని పిల్లలు ఎర్రగానే ఉంటే అది వంశం వల్ల వచ్చింది.